ఆ పైపు ఆగుతుందా?

"సారూ, గిది ఆగుతదా?"

అడిగింది జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన పైప్ ఫిట్టర్. గల్ఫ్‌కు వచ్చి పద్దెనిమిదేళ్లయింది. నాకంటే పెద్దవాడు కాబట్టి నేను అన్నా అంటాను. ఆయన మాత్రం ఎంత చెప్పినా సారు అనడం మానడు. సౌదీలోని జుబైల్‌లో ఒక ప్లాంటు, ఆగస్టు నెల. వేసవిలో మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదన్నది ఇక్కడి నిబంధన. అందుకని తెల్లవారకముందే స్కాఫోల్డింగ్ ఎక్కేశాం. ఇన్సులేషన్ విప్పిన చోట 8 అంగుళాల పైపు, దాని మీద వెల్డింగు అంచు వెంబడి ఎర్రటి గీత. పైపు మీద ఎర్ర రంగు పూసి, తుడిచి, తెల్లటి పొడి పూత కొడితే పగులులో దాక్కున్న రంగు మెల్లగా పైకి ఊరుతుంది. పెళ్లికూతురి పాదానికి పారాణి పెట్టినంత స్పష్టంగా కనిపిస్తోంది.

అసలు ఈ పగులును పట్టించింది కూడా ఆయనే. ఆ లైనులో ఒక వాల్వు మరమ్మతు కోసం రెండు రోజులు ఆపారు. పక్కన పని చేస్తూ, పైపును మోసే స్ప్రింగు సపోర్టు మీద ముల్లు కదలకుండా ఉండటం గమనించాడు. వేడిగా ఉన్నప్పుడు ఎక్కడుందో చల్లబడ్డాక కూడా అక్కడే ఉంది. "స్ప్రింగు పట్టేసింది సారూ, పైపును కిందికి గుంజుతున్నది" అని వచ్చి చెప్పాడు. సపోర్టు బిగుసుకుంటే పక్కనున్న వెల్డింగు మీద భారం పడుతుంది కదా అని అక్కడ ఇన్సులేషన్ విప్పించాను. గీత బయటపడింది.

అది ఆవిరి తన పని ముగించుకుని మళ్లీ నీరుగా మారాక బాయిలర్ వైపు తీసుకెళ్లే లైను. లోపల 170 డిగ్రీల వేడి నీళ్లు, 10 బార్ ఒత్తిడి. మన వంటింట్లో ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసేది సుమారు 1 బార్ దగ్గర. ఇలాంటి నీళ్లు బయటపడితే నీళ్లలా కారవు, అందులో కొంత భాగం క్షణంలో ఆవిరై బుస్సున చిమ్ముతుంది. ఆ లైను కిందే పెద్ద షట్‌డౌన్‌కు ముందస్తు ఏర్పాట్లు జరుగుతున్నాయి. రోజూ పాతికమందికి పైగా ఆ పైపు కింద తిరుగుతుంటారు.

పెద్ద షట్‌డౌన్ ఇంకా 19 రోజులుంది. అప్పటిదాకా ఈ పైపును ఇలాగే నడపొచ్చా, లేక ఇప్పుడే కోసి మార్చాలా? మారిస్తే కనీసం ఇంకో మూడు రోజులు యూనిట్ ఆగిపోతుంది. ఈ ప్రశ్నకు సాయంత్రంలోగా కాగితం మీద జవాబు రాసి సంతకం పెట్టాల్సింది నేను.

దమ్మామ్‌లో ఉగాది కలయికకు వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు "మీరేం చేస్తుంటారండీ?" అంటారు. పాడైన పైపులు ఇంకెన్నాళ్లు నడుస్తాయో లెక్కకట్టడం నా ఉద్యోగం అంటే అర్థంకాక చూస్తారు. మా ఆవిడ "పైపుల డాక్టరు" అని ఒక్క మాటలో తేల్చేస్తుంది. గల్ఫ్‌లో తెలుగువాళ్లు ఇంతమంది పైపుల చుట్టూనే బతుకుతున్నాం. వెల్డర్లు, ఫిట్టర్లు, ఇన్‌స్పెక్టర్లు, డ్రాఫ్ట్స్‌మన్లు అందరిదీ ఇదే బతుకు. కానీ పగిలిన పైపు ఎప్పుడు విరుగుతుందో ముందే ఎలా చెప్తారన్నది మనలో మనం మాట్లాడుకున్నది తక్కువ. అందుకే ఆ రోజు జరిగింది రాస్తున్నాను.

అప్పడం, మామిడి తాండ్ర

అప్పడం విరిచామనుకోండి, ఫెళ్లున రెండు ముక్కలవుతుంది. ముక్కలను మళ్లీ పక్కపక్కన పెడితే సరిగ్గా అతికినట్టు కూర్చుంటాయి. అది పెళుసు విరుగుడు. మామిడి తాండ్ర అలా విరగదు. అంచున చాకుతో చిన్న గాటు పెట్టి లాగితే ముందు సాగుతుంది, గాటు మొన దగ్గర నోరు తెరుస్తుంది, తర్వాతే మెల్లగా చిరుగుతుంది. లాగడం ఆపితే చిరగడమూ ఆగుతుంది. పైపులు చేసే మెత్తని ఉక్కు ఈ తాండ్ర జాతిది.

ఆ సాగుడు వెనక లోపల జరిగేది ఇది. ఏ ఉక్కులోనైనా మాంగనీసు సల్ఫైడు వంటి సన్నటి మలినపు రేణువులు ఉంటాయి. పగులు మొన దగ్గర లోహం సాగినప్పుడు ఆ రేణువుల చుట్టూ చిన్న చిన్న బొక్కలు పుడతాయి, పెరుగుతాయి, ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. అలా కలిసిన ప్రతిసారీ పగులు కాస్త ముందుకు జరుగుతుంది. విరిగిన చోటును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే ఇడ్లీ రేకులాగా గుంటలు గుంటలుగా ఉంటుంది.

నేను చెన్నైలో ఎంటెక్ చదివే రోజుల్లో తరమణిలోని స్ట్రక్చరల్ ఇంజినీరింగ్ రీసెర్చ్ సెంటర్‌కు మమ్మల్ని ఒకసారి తీసుకెళ్లారు. భాభా అణు పరిశోధన కేంద్రం కోసం అక్కడ నిజమైన పైపులనే వంచి విరిచే పరీక్షలు చేసేవారు. మన అణు విద్యుత్ కేంద్రాల్లో వాడే కార్బన్ స్టీలు పైపు, అదీ 8 అంగుళాలదే. మధ్యలో చుట్టుకొలత వెంబడి ఒక గాటు కోసి, దాన్ని పదేపదే వంచి సూదిమొన లాంటి అసలు పగులుగా మార్చారు. రెండు చివర్లా రెండు ఆధారాలు. పైనుంచి రెండు చోట్ల హైడ్రాలిక్ జాకీతో నొక్కుతారు. దీన్ని నాలుగు బిందువుల వంపు అంటారు. ఇలా నొక్కితే మధ్య భాగమంతటా వంచే బలం ఒకే తీరుగా ఉంటుంది.

ఠప్పుమని విరుగుతుందని చెవులు మూసుకున్నాం. ఏ శబ్దమూ రాలేదు. పైపు కొంచెం కుంగింది. పగులు నోరు ముందు గీతలా, తర్వాత చేపనోరులా, ఆ తర్వాత వేలు పట్టేంతగా తెరుచుకుంది. బలం సూచించే గీత తెర మీద పైకి పోయి పోయి ఒక చోట చదునైంది. అప్పటికే పగులు రెండు వైపులా జరగడం మొదలైంది. ఆ తర్వాత బలం మెల్లగా తగ్గుతూ వచ్చింది. మొత్తం గంటన్నర పట్టింది. నా పక్కనున్న మిత్రుడు ఆవులించాడు కూడా.

ఆ గంటన్నర నన్ను కొన్నేళ్లపాటు తప్పుదారి పట్టించింది. పైపు విరగడమంటే అంత నింపాదిగా ఉంటుందనుకున్నాను. అక్కడ జాకీ ఎంత నొక్కితే పైపు అంతే వంగుతుంది. పైపు కాస్త లొంగితే బలమూ తగ్గుతుంది. నిజమైన ప్లాంటులో పైపు మీద వేలాడే బరువు అలా తగ్గదు. పగులు ఒకసారి నడవడం మొదలుపెడితే అదే బరువు ఇంకా చిన్నదైపోయిన లోహం మీద పడుతుంది. అప్పుడు గంటన్నర ఉండదు, సెకను కూడా ఉండకపోవచ్చు. అదే పైపు, అదే పగులు. వంచేది ఏమిటన్నదాన్ని బట్టి కథ మారిపోతుంది.

సులువైన లెక్క

ఆ రోజు మొదట వేసింది సులువైన లెక్కే. పగులు లేని పైపు తట్టుకునే వంపు బలం తెలుసు. పగులు ఉన్న మేర లోహం లేనట్టే అనుకో. మిగిలిన లోహమంతా పూర్తిగా సాగే దాకా నిలబడుతుందనుకో. అంతే. 1970లలో అమెరికాలో మరుగునీటి రియాక్టర్ల స్టెయిన్‌లెస్ పైపుల్లో వెల్డింగుల పక్కన పగుళ్లు బయటపడ్డప్పుడు, వాటిని ఏం చేయాలో తేల్చడానికి ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లోని బాటెల్ సంస్థ ఇంజినీర్లు పైపులను వంచి చూసి నిలబెట్టిన పద్ధతి ఇది. చేత్తో వేసుకోవచ్చు, కాలిక్యులేటర్ చాలు.

లెక్కలో ఒక తమాషా ఉంది. చుట్టుకొలతలో నాలుగో వంతు తెగిపోతే బలంలో నాలుగో వంతు పోతుందనుకుంటాం. కాదు. పగులు సాగే వైపు ఉంటే, మిగిలే బలం 57 శాతమే. మూడో వంతు తెగితే 43 శాతం. వంపును మోసేది ముఖ్యంగా మధ్యరేఖకు దూరంగా ఉన్న లోహం. పగులు సరిగ్గా దాన్నే తినేస్తుంది. పైగా మిగిలిన భాగానికి మధ్యరేఖ కూడా పక్కకు జరిగిపోతుంది.

మా పైపు బయటి వ్యాసం 219 మి.మీ., మందం 12.7 మి.మీ. రాజమండ్రి కుర్రాడొకడు అల్ట్రాసోనిక్ యంత్రంతో కొలిచి పగులు పొడవు 150 మి.మీ., లోతు 5 మి.మీ. అన్నాడు. పొడవు చుట్టుకొలతలో నాలుగో వంతుకు కొంచెం తక్కువ. లోతు సగం కూడా లేదు. అయినా ఇలాంటి చోట్ల నేను లోతును నమ్మను. నాలుగో వంతు మేర పూర్తిగా తెగిపోయిందనే అనుకుని లెక్క వేశాను. 170 డిగ్రీల దగ్గర ఆ ఉక్కు బలం తీసుకుంటే, పగులు లేని పైపు 168 కిలోన్యూటన్ మీటర్ల వంపును తట్టుకోవాలి. పగులుతో 96. అంటే మీటరు చేతికి దాదాపు 10 టన్నుల బరువు వేలాడదీసినంత.

మరి పైపు మీద ఇప్పుడున్న వంపు ఎంత? స్ప్రింగు బిగుసుకుపోయింది, పైపు మాత్రం వేడికి పెరుగుతూనే ఉంది. 40 మీటర్ల ఉక్కు పైపు 30 డిగ్రీల నుంచి 170 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 67 మి.మీ. పొడుగవుతుంది. ఆ పెరుగుదలకు దారివ్వాల్సిన సపోర్టు దారివ్వకపోతే పైపు వంగుతుంది. స్ట్రెస్ అనాలిసిస్ చేసే మలయాళీ మిత్రుడు కంప్యూటర్ మీద లెక్కకట్టి బరువూ వేడీ కలిపి 38 అన్నాడు. 96కు 38. రెండున్నర రెట్ల భద్రత. బ్రహ్మాండం. మధ్యాహ్నం భోజనానికి వెళ్లేసరికి నా మనసులో సంతకం అయిపోయింది.

కొలంబస్‌లో తేలిన సంగతి

క్యాంటీన్‌లో పప్పన్నం కలుపుతుండగా గుర్తొచ్చింది. ఆ పగులు పైపులో లేదు, వెల్డింగులో ఉంది.

కొలంబస్ కథలో రెండో భాగం ఇదే. అమెరికా అణు నియంత్రణ సంస్థ 1984లో అక్కడే ఒక పెద్ద కార్యక్రమం మొదలుపెట్టింది. పాడైన పైపులను వరసగా తెచ్చి వంచి విరిచారు. తర్వాత 1986 నుంచి పలు దేశాలు కలిసి దాన్ని కొనసాగించాయి. పగులు పైపు లోహంలో ఉన్నప్పుడు సులువైన లెక్క చక్కగా సరిపోయింది. పగులు కొన్ని రకాల వెల్డింగుల్లో ఉన్నప్పుడు మాత్రం పైపు లెక్క చెప్పినంత బలానికి రాకముందే చిరగడం మొదలుపెట్టింది. ఫ్లక్స్ వాడి చేసే వెల్డింగుల్లో ఆ ఫ్లక్స్ నుంచి వచ్చిన సన్నటి మలినపు రేణువులు ఎక్కువ. ఇందాకటి బొక్కలు గుర్తున్నాయి కదా, రేణువులు ఎక్కువైతే బొక్కలూ ఎక్కువ, కలవడమూ తొందరే. మిగిలిన లోహం పూర్తిగా సాగే దాకా పగులు ఆగదు. వెల్డింగు బలహీనం కాదు, మామూలుగా లాగి చూస్తే పైపుకంటే గట్టిగానే ఉంటుంది. చిరుగును తట్టుకునే ఓపికే తక్కువ.

అందుకే అమెరికన్ మెకానికల్ ఇంజినీర్ల సంఘం కోడ్‌లోకి జడ్-ఫ్యాక్టర్ అని ఒక గుణకం వచ్చి చేరింది. సబ్‌మర్జ్‌డ్ ఆర్క్ పద్ధతిలో చేసిన 24 అంగుళాల స్టెయిన్‌లెస్ వెల్డింగుకు అది 1.56. అంటే మీద పడే భారం అసలుకంటే సగానికి పైగా ఎక్కువ ఉందనుకుని లెక్కవేయమని. పైపు పెద్దదయ్యేకొద్దీ గుణకమూ పెరుగుతుంది. కార్బన్ స్టీలుకు ఇంకో గొడవ కూడా వాళ్ల పరీక్షల్లో కనిపించింది. కొన్ని పైపుల్లో రియాక్టరు నడిచే వేడిమి దగ్గర పగులు నింపాదిగా చిరగకుండా ఉన్నట్టుండి దూకింది. కాసేపు ఆగి మళ్లీ దూకింది.

చిరుగును తట్టుకునే ఓపికను కొలవడానికి ఒక అంకె ఉంది. 1968లో జేమ్స్ రైస్ ఇచ్చిన జె-ఇంటిగ్రల్. పగులు కాస్త ముందుకు జరగడానికి ఎంత శక్తి అందుతోందో చెప్పే కొలత. ఆ లోహం ఎంత శక్తికి లొంగుతుందో ప్రయోగశాలలో కొలుస్తారు, రెండూ పోల్చి చూస్తారు. జె కు ఒక ఇబ్బంది ఉంది. పగులు చాలా దూరం నడిచాక దాని వెనక వదిలేసిన లోహం మీద భారం తగ్గిపోతుంది, అప్పుడు ఆ కొలత అర్థం సడలుతుంది. ఈ చిక్కును విప్పడానికి టి-స్టార్ అనే ఇంకో కొలతను 1980లలో ముందుకు తెచ్చినవారిలో ముఖ్యులు మన గుడివాడలో పుట్టిన సత్య ఎన్. అట్లూరి గారు. ఎంఐటీలో చదివి, జార్జియా టెక్‌లో చాలాకాలం బోధించి, 2013లో పద్మభూషణ్ అందుకున్నారు. ఆయన దగ్గర పరిశోధన చేసినవారు కొలంబస్ పైపుల పనిలోనూ పాలుపంచుకున్నారు. కృష్ణా జిల్లా పేరు చెప్పుకోవడానికి అవకాశం దొరికితే నేను వదలను, ఎందుకంటే మాదీ పక్కన తెనాలే.

చేతులు కడుక్కుని వచ్చి ఆ జాయింటు కాగితాల కోసం వెతికించాను. ప్లాంటు కట్టినప్పటి జాయింట్లకు వెల్డింగు రికార్డులన్నీ ఉన్నాయి. ఈ ఒక్క జాయింటు ఎప్పుడో మధ్యలో మరమ్మతులో వేసినది. ఎవరు వేశారో, ఏ రాడ్డు వాడారో, వేశాక వేడి చేసి లోపలి బిగువు సడలించారో లేదో ఏమీ లేదు. కాగితం లేకపోతే తక్కువ అంకె తీసుకోవడమే ధర్మం. ఇంగ్లండులో అప్పటి కేంద్ర విద్యుదుత్పాదన మండలి 1976లో ఆర్-6 అనే పద్ధతి తెచ్చింది. ఒక పటం మీద నిలువునా చిరిగిపోయే ప్రమాదం, అడ్డంగా సాగి కూలిపోయే ప్రమాదం వేసి, మధ్యలో ఒక వంపు గీత గీస్తారు. మన పైపు చుక్క గీత లోపల పడితే క్షేమం, బయట పడితే కాదు. చమురు, రసాయన ప్లాంట్లలో మేం వాడే పద్ధతీ ఆ కుటుంబానిదే. తక్కువ ఓపిక, వెల్డింగులో మిగిలిపోయిన బిగువు రెండూ కలిపి వేశాను. పొద్దున రెండున్నర రెట్ల భద్రతతో వెలిగిపోయిన పైపు గీత బయటికి వెళ్లి కూర్చుంది.

లీకును చూసేదెవరు?

మూడు గంటలకు సమావేశం. ప్లాంటు పెద్దాయన మంచి ఇంజినీరే, తెలియక అడిగే మనిషి కాదు. "మెత్తని ఉక్కు కదా, విరిగే ముందు లీకవుతుంది. లీకైతే అప్పుడే ఆపుదాం. అణు విద్యుత్ కేంద్రాలే ఈ సూత్రాన్ని ఒప్పుకున్నాయి, మనకేం?" అన్నారు.

నిజమే, ఒప్పుకున్నాయి. 1980ల దాకా అణు కేంద్రాల్లో పెద్ద పైపు హఠాత్తుగా రెండుగా తెగిపోతుందనే అనుకుని, తెగిన పైపు పాములా కొట్టుకోకుండా చుట్టూ భారీ ఉక్కు అడ్డుకట్టలు పెట్టేవారు. ఈ పైపుల పరీక్షల బలం మీదే విరిగే ముందు లీకవుతుందన్న వాదనను 1986, 87ల్లో అమెరికా నియమాల్లోకి తీసుకున్నారు. అడ్డుకట్టలు అక్కర్లేకపోయాయి. కానీ ఆ ఒప్పుకోలు వెనక షరతులున్నాయి. లీకును కనిపెట్టే పరికరాలు పట్టుకోగలిగిన దానికి 10 రెట్లు నీళ్లు కారేంత పగులును ఊహించుకోవాలి. దానికి రెట్టింపు పొడవున్న పగులుతో కూడా పైపు విరగదని చూపించాలి. నీటి దెబ్బ తగిలే లైన్లకు, తుప్పు వల్ల పగుళ్లు పుట్టే లైన్లకు ఈ వాదనే వర్తించదు.

మాది అచ్చంగా నీటి దెబ్బ తగిలే లైను. చల్లబడిన పైపులోకి మళ్లీ వేడి కండెన్సేట్, ఆవిరి వస్తే ఆవిరి బుడగలు గబుక్కున నీరై కూలిపోతాయి, వెనకనున్న నీళ్లు సుత్తిలా వచ్చి కొడతాయి. లైను మళ్లీ మొదలుపెట్టే గంటలోనే అది ఎక్కువ. మా 38 అంకెలో ఆ దెబ్బ లేదు. వేడి వల్ల వచ్చిన వంపు చెన్నై జాకీ లాంటిది, పైపు లొంగితే తగ్గుతుంది. నీటి దెబ్బ అలా కాదు, పైపు లొంగేదాకా ఆగి చూడదు.

ఇదంతా చెప్పాను. పెద్దాయన విన్నారు. "అయినా లీకు కనిపిస్తుంది కదా" అన్నారు మళ్లీ.

"లీకును కనిపెట్టే పరికరం ఏదండీ మనకు?" అన్నాను. లైనంతా ఇన్సులేషన్, పైన అల్యూమినియం రేకు. లోపల కారినా రేకు సందుల్లోంచి ఎక్కడో దూరంగా కారుతుంది. అణు కేంద్రంలో సంపులోకి ఎన్ని లీటర్లు చేరాయో కొలుస్తుంటారు, గాలిలో తేమ కొలుస్తుంటారు. మా దగ్గర ఆవిరి మొదట ఎవరికి కనిపిస్తుంది? పైపు కింద పనిచేసేవాడికి. అంటే ఈ ఏర్పాటులో లీకు మీటరు మా జగిత్యాల అన్నే. ఆ మాట నేను కొంచెం గట్టిగానే అన్నాననుకుంటా. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

క్లాంపు వేసి నడుపుదామా అన్నారొకరు. లైను కింద మనుషులను తప్పిద్దామా అన్నారు ఇంకొకరు. రెండోది మంచి మాటే, కానీ 19 రోజులు అక్కడ పని ఆపితే పెద్ద షట్‌డౌనే వెనక్కి పోతుంది. చివరకు కోసి మార్చడానికే ఒప్పుకున్నారు. పెద్దాయన లేస్తూ "మూడు రోజుల నష్టం నీ ఖాతాలో రాస్తాను" అన్నారు. నవ్వుతూ అన్నారో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆ రాత్రే పట్టేసిన స్ప్రింగు విప్పారు. శ్రీకాకుళం వెల్డరు ఒకాయన కొత్త ముక్క అతికాడు. మొదటి పొర టిగ్‌తో వేశాడు, ఎక్స్‌రేలో ఒక్క మచ్చ రాలేదు. ఆయన పని చూడటం ఒక ముచ్చట. మాస్కు దించాక గంటసేపు మనిషి ఊపిరి కూడా లెక్కపెట్టి వదులుతాడు.

కోసిన ముక్కను పరీక్షకు పంపాను. ఆరు వారాలకు రిపోర్టు వచ్చింది. పగులును తెరిచి చూస్తే సముద్రపు ఒడ్డు మీద అల వదిలిన గీతల్లాంటి గీతలున్నాయట, అంటే వెల్డింగు అంచులో చిన్న లోపం నుంచి అదురుడు వల్ల కొంచెం కొంచెంగా పెరిగింది. లోతు 5 కాదు, ఒక చోట 7 మి.మీ. రాజమండ్రి కుర్రాడు ఆ రోజంతా మౌనంగా ఉన్నాడు. అతని తప్పు లేదు, వెల్డింగు మూపురం పక్కన ఆ యంత్రం అంతే చెప్పగలదు. ఇక అసలు ప్రశ్న, వెల్డింగు ఓపిక. బాగుంది. నేను అనుకున్న తక్కువ అంకెకు చాలా పైన ఉంది. ఎవరో తెలియని ఆ పాత వెల్డరు మంచి రాడ్డే వాడాడు, చక్కగానే వేశాడు. కొత్త అంకెలతో మళ్లీ లెక్కవేస్తే చుక్క గీత లోపలికి వచ్చింది. నీటి దెబ్బ మరీ పెద్దది తగలకపోతే ఆ పైపు 19 రోజులూ నడిచేది.

రిపోర్టు పెద్దాయనకు పంపాను. దాచుకునే హక్కు నాకు లేదు. "చూశాను" అని ఒక్క మాట జవాబు వచ్చింది. మూడు రోజుల నష్టం ఎంతో లెక్కల విభాగంలో నా మిత్రుడు చెప్పబోతే వద్దన్నాను. ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు. మళ్లీ అదే రోజు, అవే కాగితాలు, అదే లేని రికార్డు ఎదురైతే ఏం చేస్తానని ఆలోచించాను. అదే చేస్తాను. కానీ చేసిన తర్వాత కూడా ఇలాగే నిద్రపట్టదు. ఈ ఉద్యోగంలో ఇది కూడా జీతంలో భాగమే అనుకోవాలి.

శుక్రవారం సెలవు. లేబర్ క్యాంపు దగ్గర టీ కొట్టులో అన్న కనిపించాడు. చెప్పాలనిపించి చెప్పాను.

"నువ్వు అడిగావు కదన్నా, ఆ పైపు ఆగేదే."

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "ఆగేదా? మరి గట్లెందుకు ఆపిండ్రు సారూ?"

"ఆగుతుందని ఆ రోజు నాకు తెలియదు."

కాసేపు ఆలోచించాడు. "మీకు దెల్వదంటే మాకసలే దెల్వకపోవు" అని నవ్వి, జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. నవంబరులో కూతురి పెళ్లి. సెలవు ఫారం ఇంగ్లిష్‌లో నింపాలట. పెన్ను నా దగ్గరే ఉంది.